ఆడపడుచు సొత్తు

మా అన్నయ్య దగ్గితే ఛాతీ పట్టుకోడు. పొత్తికడుపుకి కుడివైపున అరచెయ్యి ఆనించి దగ్గుతాడు. అక్కడ నా కిడ్నీ ఉంది.

అన్నయ్యది చోడవరం పక్కన గోవాడ వైపు పల్లె. చెరకు రైతు. రెండు కిడ్నీలూ పాడై డయాలసిస్‌కి తిరిగి తిరిగి సగం మనిషయ్యాక, ఇంట్లో అందరికీ పరీక్షలు చేస్తే నాది సరిపోయింది. మాది రావికమతంలో పిండిమర. మా ఆయన ఒక్క మాట అడ్డు చెప్పకుండా సంతకం పెట్టాడు. విశాఖపట్నంలో ఆపరేషన్ అయింది. ఇద్దరం బాగానే లేచాం. కొన్నాళ్లకి నేను మళ్లీ పిండి డబ్బాలు ఎత్తుతున్నాను, వాడు మళ్లీ చేలో దిగాడు.

ఒక్కటే తంటా. ఆ కిడ్నీ తనదని వాడెప్పుడూ ఒప్పుకోలేదు. రక్తపరీక్ష చేయించుకున్న ప్రతిసారీ ఫోన్ చేసి, "నీది బాగానే ఉన్నాదే, డాక్టరు గారు బావుందన్నారు" అనేవాడు, నేనేదో మేపమని ఇచ్చిన దూడ సంగతి చెప్పినట్టు. మా ఇళ్లల్లో ఆడపిల్లకి పెట్టాలి గాని ఆడపిల్ల దగ్గర పుచ్చుకోకూడదు. మా ఇంట్లో భోంచేసి వెళ్తూ నా పిల్లల చేతిలో ఏదో ఒకటి పెట్టందే గడప దాటని మనిషి వాడు. అలాంటివాడి కడుపులో ఆడపడుచు సొత్తు పడింది. అది వాడికి ఎంత బరువో నాకప్పుడు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండింది.

ఆ చలికాలం చెరకు నరుకుళ్లు మొదలయ్యాయి. వదిన ఫోన్ చేసింది.

"మీ అన్నయ్యకి ఒంట్లో బాగోలేదమ్మా. జొరం కూడా పెద్దగా లేదు. సోడవరంలో ఆసుపత్రిలో సేర్పించేం. నువ్వు కంగారు పడిపోకు."

కంగారు పడిపోకు అన్నాక పడకుండా ఎవరుంటారు? మర ఆపి షేర్ ఆటో ఎక్కాను. వెళ్లేసరికి అన్నయ్య మంచం మీద వెల్లకిలా పడుకుని, చేతికి సెలైన్‌తో, పెళ్లివారింట్లో విడిది చేసినవాడిలా నవ్వుతున్నాడు.

"ఏటీ అవలేదే. మర కట్టేసి ఎందుకొచ్చేవు?"

అక్కడి డాక్టరు చెడ్డవాడేం కాదు. ఓపికగా గుండెల మీద గొట్టం పెట్టి విన్నాడు. ఎక్స్‌రే వెలుతురుకి పట్టి నాకూ చూపించాడు. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదన్నాడు. నుదురు కాస్త వెచ్చగా ఉంది, అంతే. టైఫాయిడ్ పరీక్షలోనూ ఏమీ రాలేదు. వైరల్ జ్వరం, తగ్గిపోతుందన్నాడు.

నాకు నమ్మకం కుదరలేదు. ఆపరేషన్ అయ్యాక విశాఖలో మాకు మరీ మరీ చెప్పి పంపారు. పరాయి కిడ్నీని ఒళ్లు తరిమెయ్యకుండా ఉండడానికి ఈ మందులు ఒంటి కాపలాని నిద్రపుచ్చుతాయట. ఇక దొంగొచ్చినా కుక్క మొరగదు. పెద్ద జబ్బొచ్చినా పెద్ద జ్వరం రాకపోవచ్చు. ఆ మాటే ఈ డాక్టరుకి చెప్పాను.

"రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి కదమ్మా" అన్నాడు.

"విశాఖ పంపించెయ్యండి."

"పేషెంటు వద్దంటున్నారు."

అవును, వద్దంటున్నాడు. చేలో చెరకు నరుకుడుకి సిద్ధంగా ఉందనీ, రెండ్రోజుల్లో లేచిపోతాననీ వాడి గోల. వదినేమో వాడి మొహం, నా మొహం మార్చి మార్చి చూస్తూ నిలబడింది. ఆవిడకి ఏదో తెలుసు, చెప్పడం లేదు.

ఇంతలో పలకరింపులు మొదలయ్యాయి. మా వైపు మనిషి ఆసుపత్రిలో పడ్డాడంటే చుట్టపక్కాలు రాకపోతే తప్పు. రానివాడి పేరు కొన్నేళ్లు గుర్తుంటుంది. ఒక్కొక్కరే బ్రెడ్డు పొట్లం, బత్తాయిలు పట్టుకుని దిగారు. వీడికి జనం ఊపిరి తగలకూడదని చెప్పి గుమ్మంలో మాస్కులు ఇచ్చాను. పెట్టుకునేవారు. లోపలికెళ్లి మాట మొదలెట్టగానే గడ్డం కిందకి లాగేసేవారు. మాస్కుతో మాట్లాడితే ప్రేమ కనపడదని కాబోలు. ఆఖరికి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"రోగిని సూడనివ్వదేటీ గుంట?" అని వరండాలో ఒకావిడ గొణిగింది. నాకు పెళ్లీడుకొచ్చిన పిల్లలున్నారు. ఇంకా గుంటనే.

మా చిన్నాన్న వచ్చాడు. నాన్నకి పినతండ్రి కొడుకు. నాన్న పోయాక మా ఇంటికి ఆయనే పెద్ద. ఆయన్ని ఆపడానికి నాకు కుర్చీ చాలలేదు. బీడీ దగ్గు దగ్గుకుంటూ వెళ్లి మంచం అంచున కూర్చున్నాడు. ఎవరెవరికి ఏ జబ్బు చేసిందో, ఎవరు ఏ ఆసుపత్రికెళ్లి ఎలా పోయారో వరసగా చెప్పాడు. రోగికి ధైర్యం చెప్పడమంటే ఆయనకి అదే. నేను పళ్లు కొరుక్కుంటూ విన్నాను. చివరికి లేచి, "మరి ఒత్తానురా" అన్నాడు.

పెద్దాయన వెళ్తుంటే పడుకుని ఉండడం మా అన్నయ్యకి చేతకాదు. సెలైన్ అప్పుడే తీశారు. మంచం దిగి, సాగనంపడానికి గుమ్మం దాకా నడిచాడు. ఎంత దూరమో కాదు. మా మర దగ్గర డబ్బా దించి కాటా మీద పెట్టేంత దూరం.

గుమ్మం పట్టుకుని ఆగిపోయాడు. పెదాలు నేరేడుపండు తిన్నవాడిలా అయిపోయాయి. ఊపిరందక రెక్కలెగరేస్తున్నాడు. చిన్నాన్న వెనక్కి తిరిగితే అన్నయ్య ఇంకా నవ్వడానికే చూస్తున్నాడు. అరచెయ్యి మాత్రం పొత్తికడుపు మీదే ఉంది.

నేను పెట్టిన కేకకి నర్సు పరుగున వచ్చి వేలికి క్లిప్పు తగిలించింది. ఆక్సిజన్ బాగా పడిపోయి ఉంది. మంచం మీద కూర్చోబెడితే కాసేపటికి మెల్లగా పైకి వచ్చింది. డాక్టరు వచ్చి చూశాడు. తనే మరోసారి నాలుగడుగులు నడిపించాడు. మళ్లీ పడిపోయింది.

"పడుకోబెట్టే చూశానమ్మా, నడిపించి చూడలేదు" అన్నాడు. దాచకుండా ఒప్పుకున్నందుకు ఆయన్ని మనసులో సగం క్షమించాను. వెంటనే ఆక్సిజన్ పెట్టించి విశాఖకి అంబులెన్స్ ఏర్పాటు చేశాడు.

దారిలో వదిన నోరు విప్పింది. చాలా రోజులుగా ఇదే వరస అట. చేలో నాలుగు మోపులు ఎత్తితే గట్టు మీద కూలబడిపోతున్నాడట. నాకు చెప్తే ఒట్టే అన్నాడట. డాక్టరు వచ్చే వేళకి కదలకుండా పడుకునేవాడట.

"ఒట్టేస్తే నోరు మూసుకుంటావా వదినా?" అన్నాను. ఆవిడ ఏడ్చింది. ఏడ్చేవాళ్లని ఇంకేం తిడతాం?

విశాఖలో స్కాన్ తీశారు. ఎక్స్‌రేలో కనపడనిది అందులో కనపడింది. రెండు ఊపిరితిత్తుల నిండా తెల్లగా మంచు కమ్మినట్టుంది. సన్నటి గొట్టం ఊపిరితిత్తుల్లోకి దింపి, నీళ్లు పోసి మళ్లీ పైకి లాగి పరీక్షకి పంపారు. కిడ్నీల డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి మాకు వివరంగా చెప్పింది.

"ఇది న్యుమోనియానే. కానీ మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్ల జోలికి రాని సూక్ష్మజీవి వల్ల వచ్చింది. స్టెతస్కోపుతో విన్నా తెలియదు, మొదట్లో ఎక్స్‌రేలోనూ దొరక్కపోవచ్చు. ఇది రాకుండా ఉండడానికే మీకు ఒక సల్ఫా మాత్ర ఇచ్చాం. మేం చెప్పేదాకా ఆపొద్దన్నాం. వేసుకుంటున్నారా?"

అన్నయ్య పైకప్పు కేసి చూశాడు.

"ఆపేసేనండి."

"ఎవరు ఆపమన్నారు?"

ఆక్సిజన్ మాస్కు లోంచి మాట సరిగ్గా రావడం లేదు. ఆగి ఆగి చెప్పాడు. ఆ మందుల పొట్లం చూసి చిన్నాన్న అన్నాడట, రోగం లేందే ఏంటీబయాటిక్ ఎందుకురా, అవి కిడ్నీల్ని తినేస్తాయి అని. వీడు ఆలోచించుకున్నాడట. మిగతావన్నీ కిడ్నీని కాపాడే మాత్రలు, ఇదొక్కటే దాన్ని పాడు చేసేది అని ఆపేశాడు.

"నాదైతే వేసేసుకుందునండి. దానిది కదా" అని నా వైపు చూపించాడు.

నేను బయటికి వచ్చేశాను. వరండాలో నిలబడ్డాను. గోడని తన్నాలనిపించింది. నా కిడ్నీని కాపాడడానికి తన ఊపిరితిత్తుల తలుపు తీసి పెట్టాడు. ఎవడి మీద కోపం తెచ్చుకోను? చిన్నాన్న మంచికే చెప్పాననుకున్నాడు. వదిన మొగుడి మాట దాటలేదు. అన్నయ్య చెల్లెలి సొత్తు జాగ్రత్త చేశాడు. అందరూ మంచివాళ్లే. తిట్టడానికి ఒక్క చెడ్డవాడు కూడా దొరకలేదు నాకు. మంచివాళ్లంతా కలిసి మనిషిని చావు దాకా తీసుకొచ్చారు.

లోపలికి వెళ్లేసరికి ఇంకో తగువు నడుస్తోంది. వైద్యం ఏమిటంటే, వాడు మానేసిన ఆ సల్ఫా మందే. మాత్రగా వేసుకోనిది ఇప్పుడు సీసాలకి సీసాలు నరంలోకి ఎక్కించాలి. దాంతో పాటు, నిద్రపుచ్చిన కాపలాని కాస్త లేపాలి కాబట్టి, కిడ్నీ కోసం వాడే మందుల్లో ఒకటి కొన్నాళ్లు ఆపాలి. అన్నయ్య తల అడ్డంగా ఊపుతున్నాడు.

"ఆపొద్దండి. అది పోద్ది."

"రోజూ రక్తం చూస్తూనే ఉంటాం. కిడ్నీకి కొంత ప్రమాదం ఉంది, లేదనను" అంది డాక్టరమ్మ. "కానీ ఊపిరి నిలవకపోతే కిడ్నీ ఎక్కడ నిలుస్తుంది?"

వాడు నా వైపు చూశాడు. అనుమతి అడుగుతున్నాడు! ఊపిరాడని మనిషి, తన ప్రాణం కాపాడుకోడానికి నా అనుమతి అడుగుతున్నాడు. ఇక నా వల్ల కాలేదు.

"ఒరే అన్నయ్యా, ఆ కిడ్నీ పోతే పోనీరా! దాన్ని నానేటి సేసుకుంటాను, తిరిగి పెట్టించుకుంటానా? ఇచ్చేసేను, అయిపోయింది, అది నీది. నువ్వు పోతే దాన్ని కూడా నీతోటే కాల్చేస్తారు, తెలస్తందా? నాకు కావలిసింది నువ్వురా!"

వార్డులో పక్క మంచాలవాళ్లు తిరిగి చూశారు. నర్సు మెల్లగా మాట్లాడమంది. అన్నయ్య కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. డాక్టరమ్మ కేసి తిరిగి, సరే అన్నట్టు కళ్లు మూసి తెరిచాడు.

మొదట్లో ఆయాసం తగ్గకపోగా పెరిగింది. మామూలు మాస్కు చాలక పెద్దది పెట్టారు. గొంతులో గొట్టం వెయ్యాల్సి రావచ్చని ముందే చెప్పి ఉంచారు. రక్తపరీక్షలో క్రియాటినిన్, పెరిగితే కిడ్నీకి చేటని చెప్పే అంకె, కూడా కొంచెం పెరిగింది. ఆ స్థితిలోనూ పొద్దున్నే వాడు సైగ చేసి అడిగేది ఆక్సిజన్ సంగతి కాదు, ఆ అంకె సంగతి. "చెప్పను పో" అనేదాన్ని. అలా తిట్లు, సైగలతోనే రోజులు దొర్లాయి. గొట్టం దాకా పోకుండానే మెల్లగా ఆక్సిజన్ తగ్గించారు. ఆ అంకె కూడా చాలావరకు దిగింది. ఆపిన మందు మళ్లీ మొదలుపెట్టారు. వరండాలో నడిపించి చూసి, వేలి క్లిప్పులో అంకె పడిపోకుండా నిలబడ్డాకే ఇంటికి పంపారు.

ఇంటికొచ్చాక చిన్నాన్న మళ్లీ పలకరింపుకి వచ్చాడు. ఈసారి నేను ఊరుకోలేదు, జరిగిందంతా చెప్పాను. తెల్లబోయి కూర్చున్నాడు.

"మంచికే కదే సెప్పేను" అన్నాడు.

"తెలుసు చిన్నాన్నా. అదే నా ఏడుపు" అన్నాను.

నేను రావికమతం వెళ్లేముందు అన్నయ్యకి ఒకటే చెప్పాను. సల్ఫా మాత్ర వదిన చూస్తుండగా మింగాలి. దగ్గొచ్చినా, ఆయాసమొచ్చినా, ఎంత చిన్నదైనా నాకు చెప్పాలి. దాచావో, నీ గడప తొక్కను. దానికి బెదిరాడు. ఆడపడుచు గడప తొక్కకపోవడం వాడి లెక్కలో న్యుమోనియా కంటే పెద్ద జబ్బు.

మొన్న మర నడుస్తుండగా ఫోన్ మోగింది. అన్నయ్య. మోతలో వినపడక మర ఆపేశాను.

"ఒసే, దగ్గొచ్చిందే."

"ఎప్పట్నించిరా?"

"ఇప్పుడే. ఒక్కసారే. మీ వదిన పోపేసింది, ఆ ఘాటు గావాల. సెప్పమన్నావు కదా, సెప్పేను."

"పోపుకి దగ్గితే ఫోన్ సేత్తావేటి? జనం డబ్బాలట్టుకుని నిలబడ్డారిక్కడ! ఆయాసముందా?"

"లేదే."

"చెయ్యెక్కడ పెట్టుకుని దగ్గేవు?"

"ఛాతీ మీదేనే" అన్నాడు.

వెనకనించి వదిన గొంతు గట్టిగా వినపడింది. "అబద్ధమమ్మా!"

తిట్టడానికి నోరు తెరిచాను గాని ఏడుపొచ్చింది. దగ్గు సంగతైతే చెప్పాడు కదా. ఈసారికి అది చాలనుకుని, కళ్లు తుడుచుకుని మర మళ్లీ వేశాను.