కామాక్షమ్మ, ఐసు సంచులు

పలాసలోని ఆ చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో కామాక్షమ్మ పద్నాలుగేళ్ళుగా ఆయా. ఓపిక ఎప్పుడో అయిపోయింది, డ్యూటీ మాత్రం అయిపోలేదు. మోకాళ్ళ నొప్పులంటే డాక్టరుగారు బిళ్ళలు ఇచ్చేవారు, సెలవు ఇచ్చేవారు కాదు.

2006 వేసవిలో బారువ నుంచి జాలరి పైడిరాజును తెచ్చారు. ఒడ్డున వల లాగుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడట. ఆసుపత్రి మెట్ల మీదే గుండె ఆగింది. డాక్టరుగారు దాన్ని మళ్ళీ ఆడించారు గానీ తెలివి రాలేదు. నోట్లో గొట్టం వేసి, ఒక రోజంతా ఒంటిని ముప్పైమూడు డిగ్రీల చల్లదనంలో ఉంచితే మెదడు దక్కే ఆశ ఉందన్నారు. కొత్త పద్ధతట. దానికి మిషను ఎక్కడిది? చేపలకు వాడే ఐసు తెప్పించారు. సంచుల్లో నింపి మెడ పక్కన, చంకల్లో, గజ్జల్లో పెట్టడం, కరిగితే మార్చడం కామాక్షమ్మ పని. ఇలాంటివన్నీ ఆవిడకే దొరుకుతాయి.

మధ్యాహ్నం చూస్తే థర్మామీటరు ముప్పైఆరు చూపిస్తోంది. సంచులన్నీ మంచం కింద ఉన్నాయి. అతని మీద రెండు దుప్పట్లు కప్పి, భార్య చిన్నతల్లి అరికాళ్ళకు శొంఠిపొడి రుద్దుతోంది.

"ఏటే సేత్తన్నావు?" అంది కామాక్షమ్మ.

"మా ఊర్లో ఐసు ఎట్టేది సచ్చినోలికి, అప్పా. గుజరాతులో వీరావల్ ఏటకెల్లినోలు వొచ్చీదాకా పీనుగు సుట్టూ ఎడతారు. నా మొగుడు బతికే ఉన్నాడు."

ఆమె తప్పేముంది? ఒళ్ళు చల్లబడితే శొంఠి రాయడం అందరూ చేసేదే. కామాక్షమ్మ తిట్టబోయి ఊరుకుంది. తిట్టడానికీ ఓపిక కావాలి. మంచం పక్కన చతికిలబడింది.

"మాయాయనకీ ఇలాగే గుండాగి, మల్లా ఆడిందే. శొంఠి రాసినాను, కంబళ్ళు కప్పినాను. నాలుగు రోజులు ఊపిరుంది. నన్ను సూడనేదు. ఐసెడితే సూసీవోడో నేదో నాకు తెల్దు. అప్పుడెవులూ సెప్పనేదు."

చిన్నతల్లి శొంఠిపొడి చేతులు చీరకు తుడుచుకుంది. తర్వాత దుప్పట్లు తీసేసి, గంపలో చేపలు సర్దే చేత్తో ఐసు సంచులు సందు లేకుండా పేర్చింది. ఆ పైన ఇద్దరూ వంతులేసుకుని మార్చారు.

మర్నాడు మెల్లగా వేడెక్కనిచ్చారు. మూడో రోజు గొట్టం తీశాక పైడిరాజు కళ్ళు తెరిచాడు.

"సలేత్తందే, సిన్నతల్లీ" అన్నాడు బొంగురుగా.

చిన్నతల్లి దుప్పటి అందుకుంది. కప్పకుండా, అక్కను అడిగినట్టు కామాక్షమ్మ వైపు చూసింది.

"కప్పీమంటావా, అప్పా?"

"కప్పీ, తల్లీ" అంది కామాక్షమ్మ. తన భర్తకు గుండె ఆగిన రోజున ఇలా అడగడానికి తనకెవరూ లేకపోయారని, వరండాలోకి పోయి ఏడ్చింది.