కెప్టెన్ రూప్‌సింగ్ కీబోర్డు

అశ్వారావుపేట దగ్గర ఒక ఆయిల్‌పామ్ నర్సరీలో రూప్‌సింగ్ కంప్యూటర్ ఆపరేటర్. ఏ రైతు ఎన్ని మొక్కలు తీసుకుపోయాడో ఎక్కించడం అతని పని. రెండు వేళ్లతో కొడతాడు. రైతులు చెట్టు కింద కూర్చుని ఓపిక పడతారు.

ఆదివారం మాత్రం అతను కెప్టెన్. ముగ్గురేసి జట్లుగా కంప్యూటర్లో తుపాకులతో కాల్చుకునే ఆట ఒకటుంది. అతని జట్టులో మిగతా ఇద్దరు సత్తుపల్లి మీసేవలో పనిచేసే హేమలత, పెనుబల్లి బైకు మెకానిక్ తిరుపతి. జట్టు పెట్టింది తానే కాబట్టి కెప్టెన్ తానేనని మొదటి రోజే చెప్పేశాడు. ఆటలో ముందు చచ్చేదీ అతనే. చచ్చాక మైకులో ఊరుకోడు. ఎడమకు పొమ్మంటాడు, పోతే కుడికి ఎందుకు పోలేదంటాడు.

ఓడిన ప్రతిసారీ ఏదో ఒక కారణం దొరికేది. నెట్ మార్చాడు, కుర్చీ మార్చాడు, మౌసు మార్చాడు. చివరికి అతనూ కీబోర్డూ మిగిలారు. తప్పు కీబోర్డుదని తేలింది.

ప్రపంచ పోటీల్లో ఆడేవాళ్లు వాడే మెకానికల్ కీబోర్డు తెప్పించాడు. ఒక్కో మీట కింద ఒక్కో స్విచ్, అందులో అయస్కాంతం. వేలు ఎంత లోతుకు నొక్కితే పనిచేయాలో మనమే పెట్టుకోవచ్చు. అతని భార్య గోరి, దవాఖానాలో నర్సు. డ్యూటీ నుంచి రాగానే ఆమెతో ఒక మీట నొక్కించాడు.

"మంచిగుంది. ఇగ టైపింగ్ జల్దీ అయితదా?" అని ఆమె అడిగింది.

ఇది టైపింగ్‌కు కాదు, యుద్ధానికని అతను వివరించాడు.

వేగం కోసం లోతును బొత్తిగా తగ్గించి, వేలు ఆనితే చాలన్నట్టు పెట్టుకున్నాడు. దాంతో చెయ్యి ఊరికే ఆనించి కూర్చున్నా ఆటలో అతని సైనికుడు గోడ చాటు నుంచి లేచి తీరిగ్గా మైదానంలోకి నడిచిపోయేవాడు. పైగా అలవాటు కొద్దీ మీటల్ని బాదుతాడేమో, మైకులోంచి ఆ చప్పుడు మిగతా ఇద్దరి చెవుల్లో రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టు ఉండేది. తిరుపతి మొత్తుకుంటే అది వేగం చప్పుడని చెప్పాడు.

ఖమ్మంలో ఒక గేమింగ్ సెంటర్ వాళ్లు పోటీ పెట్టారు. రూప్‌సింగ్ కీబోర్డును తువ్వాలులో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని వెళ్లాడు. నిలబడ్డ ఒకామె బిడ్డను కాసేపు పట్టుకోమంటే చేతులు ఖాళీ లేవన్నాడు.

ముగ్గురికీ వేర్వేరు వరుసల్లో సీట్లు వచ్చాయి. ఒక్కో జట్టుతో మూడేసి ఆటలు. మొదటి ఆట ఓడారు. రెండో ఆటకు ముందు హేమలత ఎవరికీ చెప్పకుండా కెప్టెన్ గొంతు తన చెవికి రాకుండా మ్యూట్ చేసింది. తిరుపతి అప్పటికే చేసి ఉన్నాడు.

ఆ నిశ్శబ్దంలో ఆమెకు ఒక సంగతి కనబడింది. కెప్టెన్ సైనికుడు తనంతట తానే నడిచిపోతుంటే, తేలిగ్గా చంపేయొచ్చని అవతలివాళ్లు ముగ్గురూ నూకలు చల్లినచోటికి కోళ్లు వచ్చినట్టు ఒకేసారి బయటికొస్తున్నారు. ఆమె తిరుపతికి నాలుగు మాటలు టైపు చేసింది: "అన్న పోతుండు. వచ్చేటోళ్లను చూసుకో." ఇద్దరూ చెరోపక్క కాపు కాశారు. ఆ ఆట గెలిచారు, తర్వాతివీ గెలిచారు, ఫైనల్ కూడా గెలిచారు. ప్రతిసారీ ముందు చచ్చింది రూప్‌సింగే. చివరిదాకా ఎవరికీ వినబడని మైకులో గొంతు పోయేలా ఆజ్ఞలు జారీ చేశాడు.

కప్పు హేమలత చేతిలో పెట్టి అతను కీబోర్డును పైకెత్తాడు. యూట్యూబ్ చానల్ అతను మైకు పెడితే, "నేను చెప్పిన మాట మావోళ్లు ఒక్కటి గూడ తప్పలే. కీబోర్డు మంచిదైతే కమాండ్ గిట్లనే పోతది" అన్నాడు.

తిరుపతి నోరు తెరవబోతే హేమలత కాలు తొక్కింది. బయటికొచ్చాక ఎందుకని అడిగాడు.

"చెప్తే జాగ్రత్తగ ఆడుతడు. మల్ల ఓడిపోతం."

ఇంట్లో గోరి ఆటల వీడియో మొత్తం చూసింది. "అన్నిట్ల ముందు నువ్వే సచ్చినవ్ గదా, ఏంది?" అంది. కెప్టెన్ అన్నాక ముందుండాలని చెప్పాడు గానీ, ఆమె డ్యూటీకి వెళ్లాక తానూ ఆ వీడియో పెట్టుకున్నాడు. తాను కదపని సైనికుడు తాపీగా చావుకు నడిచిపోవడం మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాడు.

ఆ ఆదివారం మీటల లోతు పెంచి, గోడ చాటున బుద్ధిగా నక్కి ఆడాడు. వరసగా నాలుగు ఓడారు.

"కీబోర్డును ఏమన్న చేసినవా అన్నా?" హేమలత గొంతులో అనుమానం.

ఏం చేయలేదని, నెట్ సరిగా లేదని చెప్పాడు. కాసేపు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. తర్వాత సెట్టింగు తెరిచి లోతును పాత అంకెకు తగ్గించాడు, చెయ్యి ఆనించాడు. గెలవడం మొదలైంది.

ఇప్పుడతను తెలిసే చస్తున్నాడు. కెప్టెన్సీ వదిలెయ్యమంటే మాత్రం ఒప్పుకోడు.