నిప్పంటని తొట్టెల

మా బావ పనిచేసే మిల్లులో ప్రాసెసింగ్ మాస్టరుకు ఒక సరదా ఉండేది. నలుగురు కనబడితే చాలు, జేబులోంచి అగ్గిపెట్టె తీసి చేతిలోని బట్ట కొసకు పుల్ల అంటించేవాడు. బట్ట నల్లబడేది, కాస్త పొగ వచ్చేది, మంట మాత్రం నిలిచేది కాదు. చూస్తున్నవాళ్ళు నోళ్ళు తెరిచేవారు. ఆయన పుల్లను ఊది పారేసి, ఆ బట్టను తానే కన్నట్టు చూసుకునేవాడు. సంతలో గారడీవాడు ఇంతకంటే నయం. చివర్లో పళ్ళెం తిప్పుతాడు, తన పని పొట్టకూటికేనని ఒప్పుకుంటాడు. ఈయన తన పనిని సైన్సు అనేవాడు.

తొంభైల నాటి మాట. ఊరొదిలి వలస వచ్చిన మిల్లుల పట్నంలో, బమ్రోలి అనే పేటలో, ఒక్క గదిలో నలుగురం ఉండేవాళ్ళం: అక్క, బావ, బావ తల్లి, నేను. బావ తల్లిని అందరం అత్తమ్మ అనేవాళ్ళం. నేను దగ్గర్లోని కార్ఖానాలో మరమగ్గాలు నడిపేవాణ్ణి. బావ పక్క పేట పాండేసరాలో, నేసిన గుడ్డకు రంగూ పూతా వేసే ఒక మిల్లులో, ఫోల్డింగ్ ఖాతాలో ఉండేవాడు. తయారైన గుడ్డను మీటరు మీటరు మడతలు వేసి, తానుగా కట్టి, మిల్లు ముద్ర పైకి కనబడేలా పెట్టడం ఆయన పని.

ఆ మిల్లుకు సినిమా హాళ్ళకూ హోటళ్ళకూ నిప్పంటని కర్టెన్ గుడ్డ తయారుచేసే ఆర్డరు ఒకటి వచ్చింది. గుడ్డ వెనకవైపు తెల్లటి మందు పూసి, వేడిలో ఉడికించి ఆరబెట్టాలి. మాస్టరు దాన్ని ఏ తీరుగా ఉడికించాడో గాని, కొన్నవాళ్ళు సరుకులో సగం వాపసు పంపారు. రంగు షేడు కలవలేదట అని ఆయన అందరికీ చెప్పాడు. ఆ దీపావళికి మిఠాయి డబ్బాలకు బదులు ఆ వాపసు గుడ్డనే ముక్కలు కోసి పనివాళ్ళకు పంచాడు.

"స్వీట్లు రెండ్రోజుల్లో అయిపోతాయయ్యా. ఇది మీ ప్రాణాలు కాపాడుద్ది" అన్నాడట. బావ ఆ మాటను ఇంటిదాకా మోసుకొచ్చి, చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పాడు. పారేయడానికి కూడా చోటు దొరకని సరుకును కానుక చేసి, పైగా దండాలు పెట్టించుకునే మనిషిని చూడటం నాకదే మొదలు. తరవాత చాలామందిని చూశాను.

అక్క మాత్రం నిజంగానే సంతోషించింది. ఆ ఏడే మా వెనక గల్లీలో కిరోసిన్ స్టవ్ ఎగదన్ని ఒకావిడ చీరకు అంటుకుంది. మా గదిలో స్టవ్‌కూ, బిడ్డకు గుడ్డ ఉయ్యాల, మా మాటలో తొట్టెల, కట్టబోయే దూలానికీ మధ్య నాలుగు అడుగుల ఎడం కూడా లేదు. పెళ్ళయిన ఆరేళ్ళకు నిలిచిన కడుపు అది. నిప్పు భయం లేని గుడ్డ ఇంటికి వస్తే ఏ తల్లి కాదంటుంది? బావకు ఒకే కొలతవి రెండు ముక్కలు వచ్చాయి. ఒకటి తొట్టెలకని తీసి పెట్టి, రెండోది ట్రంకు పెట్టెలో దాచింది.

పాప పుట్టింది. ఇరవై ఒకటో రోజున తొట్టెల కట్టే ముందు అత్తమ్మ ఆ గుడ్డను పరీక్ష చేసింది. మా నేతగాళ్ళకు గంజి మీద ఒక పిచ్చి గర్వం ఉంది. గుడ్డ బిరుసుగా ఉండి, గోటితో గీస్తే తెల్లగా రాలితే చాలు, మురిసిపోతాం. ఊళ్ళో చేతిమగ్గాలున్న కాలంలో పడుగుకు పట్టించే గంజిని నాలుక మీద వేసుకొని చూసినవాళ్ళం. అత్తమ్మ కూడా గుడ్డను వేళ్ళ మధ్య నలిపి, రాలిన పొడిని నాలుక కొసకు అంటించుకుంది.

"జర ఉప్పగున్నది. ఉప్పేసి కాసిన గంజి. పురుగు పట్టదు" అంది.

"నీళ్ళల్ల పిండి కడుదాం అత్తమ్మా" అంది అక్క.

"పిండితే గంజంత పోతది, పీలికైతది. అంబలసుంటిదే గద, పోరి నోట్లకు పోతే మాత్రం ఏమైతది?"

ఈ తప్పు నేతవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. వేరే ఇంట్లో అయితే గుడ్డమీది పొడిని మురికి అనుకొని బకెట్లో ముంచేవాళ్ళు. మేం గంజి అనుకొని నెత్తిన పెట్టుకున్నాం. మిల్లులో ఏం కాస్తారో బావకైనా తెలియాలి కదా అంటే, ఆయన ఫోల్డింగ్ ఖాతా దాటి పూత వేసే గది వైపు ఎన్నడూ పోలేదు. మాస్టరు పోనివ్వడు. ఆయనకు పోవాలనీ ఉండదు.

రెండో నెల దాటాక పాప చెంపలు ఎర్రగా పొక్కాయి. మెడ మడతల్లో చర్మం పచ్చి పుండులా ఉండేది. ఏ చెంప గుడ్డకు రాసుకుంటే ఆ చెంప ఎక్కువ. పొడి దగ్గు పట్టింది. పాలు అందుకొని, సగంలో వదిలేసి ఏడ్చేది. తొట్టెల అంచు చేతికి అందడం మొదలయ్యాక దాన్ని నోట్లో పెట్టుకొని చప్పరించేది. గల్లీ చివరి డాక్టరు తల ఎత్తకుండానే "గర్మీ హై" అని సిరప్ రాశాడు. మా పేట మొత్తానికి ఆయన దగ్గర రెండే జబ్బులు ఉండేవి, గర్మీ అంటే వేడి, కమ్‌జోరీ అంటే నీరసం. పాపకు మొదటిది దక్కింది. అత్తమ్మ మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. పాప మరింత దగ్గింది.

అక్క రోజూ పొద్దున ఊడిస్తే తొట్టెల కింద తెల్లటి చార కనబడేది. ఎండలు ముదిరి ఫ్యాను తిరగడం మొదలయ్యాక గూట్లో బోర్లించిన గిన్నెల మీద కూడా ఆ పొడి పడేది.

నేను చదివింది ఏడో తరగతి. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండా పట్టుబడ్డాయి. నూలు బరువుకూ గుడ్డ పొడవుకూ పొంతన కుదరకపోతే నాకు అన్నం సయించదు. ఐదో నెలలో ఒక ఆదివారం తొట్టెల గుడ్డ విప్పి, ట్రంకులోది కూడా తీసి, కార్ఖానాలో నూలు తూచే కాంటా మీద రెండూ పెట్టి చూశాను. ఒకే కొలత, ఒకే గుడ్డ. తొట్టెలది వంద గ్రాములకు పైగా తక్కువ తూగింది. దోసెడు పిండి అంత.

"బావా, పాలు, ఉచ్చ, నూనె పట్టిన గుడ్డ. గంజి పోతదని ఒక్కసారి గూడ పిండలే. బరువు పెరగాలె. ఇది తగ్గింది" అన్నాను.

"అయితే ఏంది?"

"తగ్గింది యాడికి పోయింది?"

"గాలికి పోయింది."

"గాలి యాడున్నది? ఈ అర్రలనే ఉన్నది గద."

"లెక్కల బామ్మర్దీ, రేపు నా మీసాలు గూడ తూస్తవా ఏంది?" అన్నాడు బావ. అత్తమ్మ నవ్వింది. అక్క నవ్వలేదు.

"ఆ దోసెడంత పిల్ల కడుపులకే పోయిందా తమ్మీ?" అని అడిగింది.

అంతా పోదని చెప్పాను. అక్క ఊడ్చి పారేసింది పోను మిగిలింది మంచం కింద, గిన్నెల మీద, మా బట్టల్లో, మా ముక్కుల్లో ఉంటుంది. అందులో మన వాటా మనకుంది. కాని గదిలో అందరికంటే తక్కువ బరువున్నది పాప. రోజంతా ఆ గుడ్డలోనే పడుకొని, చెయ్యి దొరికితే చెయ్యి, అంచు దొరికితే అంచు నోట్లో పెట్టుకునేది కూడా పాపే. పెద్దవాడికి చిటికెడైనది పాపకు గుప్పెడు. ఇప్పుడు పరుపులూ సోఫాలూ అమ్మేవాళ్ళు నిప్పంటుకోని మందు గురించి గొప్పగా చెబుతుంటే నేను ఒకటే అడుగుతాను, అది ఊడి ఎక్కడికి పోతుందని. వాళ్ళు మా బావ చెప్పిన జవాబే చెబుతారు, కాస్త మంచి ఇంగ్లీషులో.

అక్క ఆ రోజే తొట్టెల గుడ్డ తీసేసింది. బావ సాయంత్రం వచ్చి మళ్ళీ కట్టాడు. ఆమె మళ్ళీ తీసింది, ఆయన మళ్ళీ కట్టాడు.

"అన్నం ముట్టించే దినానికి సారు మనింటికస్తుండు. తొట్టెలకు ఆయనిచ్చిన బట్ట లేకుంటే మొఖం ఎట్ల సూపియ్యాలె? ఫోల్డింగు మీద నన్నే పెడ్తనన్నడు" అన్నాడు. ఖాతా పెద్దరికం కోసం బావ ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నాడు. ఎదురుచూసేవాళ్ళ బలం మీదనే అలాంటి మాస్టర్లు బతుకుతారు.

అక్క ఇక వాదించలేదు. ట్రంకులోని రెండో ముక్క తీసి, నడుమ పాత పంచెలు పెట్టి చిన్న బొంత కుట్టడం మొదలుపెట్టింది. బావ చూసి మెత్తబడ్డాడు.

"మన పాపకా?"

"సారు బిడ్డ కాన్పుకొచ్చింది గద. వాళ్ళ బాబుకు. పెద్దమనిషి ఇంటికొస్తే బట్టలు పెట్టకుండ పంపుతమా?"

శుభకార్యానికి వచ్చిన పెద్దమనిషికి బొట్టు పెట్టి, బట్టలు చేతికిచ్చి పంపడం మా ఆచారం. బావకు అందులో తప్పేమీ కనబడలేదు. భార్య తెలివికి పొంగిపోయాడు కూడా.

మాస్టరు స్కూటరు మీద వచ్చాడు. తెల్ల పంట్లాం, ముదురు నీలం చొక్కా. గది చాలక గల్లీ జనం గుమ్మంలో నిలబడ్డారు. పాప అక్క ఒళ్ళో ఉంది. ఖాళీ తొట్టెల చూడగానే ఆయన చెయ్యి జేబులోకి పోయింది. అంచుకు పుల్ల అంటించాడు, అది నల్లబడింది, అందరూ ఆహా అన్నారు.

"సారూ, మా ఆయనకు గూడ జర పుయ్యిండ్రి. బీడీ అంటుకోకుండ ఉంటది" అంది పక్కింటావిడ. అందరూ నవ్వారు. మాస్టరు కూడా పెద్ద మనసుతో నవ్వాడు. పాప ఆ పొగకు దగ్గుతోంది. ఆ దగ్గు ఎవరికీ వినబడలేదు.

పాపకు పరమాన్నం ముట్టించాక అక్క మాస్టరుకు బొట్టు పెట్టి, పళ్ళెంలో బొంత పెట్టి రెండు చేతులతో ఇచ్చింది.

"ఏంటమ్మా ఇది?"

"మీ మనమనికి సార్. నా సేతుల్తోని కుట్టిన. మీరిచ్చిన బట్టనే, నిప్పు గూడ అంటదు."

ఆయన మడత విప్పి చూశాడు. విప్పిన చెయ్యిని పంట్లానికి తుడుచుకున్నాడు.

"అబ్బే, వద్దమ్మా. చంటిపిల్లాడు. పొడి రాలుద్ది, నోట్లో పెట్టేసుకుంటాడు. పూత సరిగ్గా ఉడకలేదనేగా కొన్న పార్టీ వాపసు కొట్టింది."

బొంతను మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.

"షేడు కలవలేదంటిరి గద సార్?" అన్నాడు బావ.

"అదీ ఉందిలేవయ్యా."

"మా బిడ్డ గూడ నోట్లనే పెట్టుకుంటది సార్" అంది అక్క. పాప చెంపను ఆయన వైపు తిప్పింది.

ఆయన చూశాడు. చూసి, చాలా మర్యాదగా అన్నాడు: "మీకు అలవాటేగా అమ్మా. మిల్లు గాలి, మగ్గాల దుమ్ము. మావాళ్ళు సున్నితం."

తిట్టినా బాగుండేది. తిట్టేవాడికి ఎదుట మనిషి ఉన్నాడన్న ఎరుక ఉంటుంది. ఈయన మమ్మల్ని దారం రకాల్లాగా వేరు చేశాడు, ఏది ఎంత తట్టుకుంటుందో తనకు తెలిసినట్టు. డిగ్రీ చదివి నేర్చుకున్నది అదే కాబోలు.

ముందు లేచింది అత్తమ్మ. దూలానికి ఉన్న ముడులు విప్పి తొట్టెల గుడ్డ బావ మీదికి విసిరింది. దండెం మీది తన పాత చీర లాగి, ఆ చోటే కట్టడం మొదలుపెట్టింది.

బావ ఆ గుడ్డను పట్టుకున్నాడు. తరవాత ఆయన చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. చేతి కొలతతోనే మీటరు మీటరు మడతలు వేసి, అంచులు కలిపి, మాడిన కొస లోపలికి దోపి, మిల్లు ముద్ర పైకి కనబడేలా తానులాగా పెట్టాడు. దాని మీద బొంత పెట్టి, మేం బట్టలు పెట్టే తీరుగానే రెండు చేతులతో మాస్టరుకు అందించాడు.

"తీస్కపోండ్రి సార్."

ఇంత జనం ముందు పెట్టిన బట్టలు కాదనడానికి ఆయనకు దారి లేకపోయింది. చేతులు చాపి, ఒంటికి దూరంగా పట్టుకొని అడిగాడు: "కవరేమన్నా ఉందా అమ్మా? చొక్కాకి అంటుద్ది."

"లేదు సార్" అంది అక్క. మంచం కింద కవర్లు బోలెడున్నాయి.

బావను ఫోల్డింగు మీద పెట్టలేదు. ఆ పని మాస్టరుకు అగ్గిపుల్లలు అందించేవాడు ఒకడికి దక్కింది. మేం గదిలో సామానంతా బయటపెట్టి నేల కడిగాం. పాప చెంపలు మెల్లగా మానాయి, దగ్గు ఇంకా కొన్నాళ్ళకు తగ్గింది. లోపలికి పోయినదాన్ని తూచే కాంటా నా దగ్గర లేదు, డాక్టరు దగ్గరా లేదు.

ఆ తరవాత ఇంటికి ఏ కొత్త గుడ్డ వచ్చినా అత్తమ్మ వేడినీళ్ళలో నానబెట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా పిండి, ఎండలో ఆరేసేది. ఆరాక కొస నాలుకకు అంటించుకొని కళ్ళు మూసుకునేది. పాపను ఎత్తుకొని అక్క ఎదురుగా నిలబడి ఉండేది.

"ఏం రుచి లేదు. ఇగ కట్టు" అనేది అత్తమ్మ.