వలకు దూరంగా బుల్లమ్మ

బుల్లమ్మకు ముట్లుడిగి ఎనిమిదేళ్లయింది. అందుకే ఆ వేసవిలో ఒక పొద్దున, మూత్రానికి కూర్చున్నచోట ఇసుక ఎర్రబడేసరికి ఆమె గబగబా కాలితో దాన్ని కప్పేసింది. నొప్పి లేదు, మంట లేదు. పోయిందనుకున్నది మళ్లీ మొదలైందనుకుంది.

శ్రీకాకుళానికి తూర్పున, సముద్రం ఒడ్డునున్న వాళ్ల పేటలో, ముట్టు రోజుల్లో ఉన్న ఆడది వల తాకదు, తెప్ప తాడు దాటదు. తాకితే గంగమ్మ తల్లి ఊరుకోదంటారు. చిరిగిన వల అల్లడంలో బుల్లమ్మకు పేటలో సాటి లేదు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తూ, మాటైనా ఆడకుండా, పొద్దుగూకేలోపు ఎంత చిరుగైనా పూడ్చేది. మగడు పోయాక కొడుకు ఎల్లాజీని సాకింది ఆ చేతులే.

ఈ వయసులో ఇదేమిటని నలుగురూ నవ్వుతారు. భుజం పట్టేసిందని చెప్పి వల జోలికి పోలేదు. నాలుగు రోజులకు ఎరుపు దానంతటదే పోయింది. మళ్లీ పని పట్టింది. మూడు వారాల తర్వాత, వల సగం అల్లి లేచి వెళ్తే మళ్లీ అదే కనబడింది. ఎవరికీ చెప్పలేక, తిరిగొచ్చి మిగతా సగమూ అల్లేసింది. మర్నాడు ఎల్లాజీ ఆ వలే తీసుకుని వేటకు పోయాడు. మధ్యాహ్నం గాలి తిరిగింది. తెప్పలన్నీ ఒడ్డు చేరాయి, అతనిది తప్ప. తన ప్రాణం తీసుకోమని తల్లికి మొక్కుతూ బుల్లమ్మ నీళ్లలోనే నిలబడింది. పొద్దువాలాక వచ్చి, తెడ్డు విరిగిందని అతను నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత వల తాకలేదు. ఎరుపు వస్తూ పోతూ ఉంది.

"భుజమేటత్తా, నాలుగు నెల్లు పట్టీసినాదా? నా అల్లిక సూసి నవ్వుకోడానికా?" అని కోడలు అసిరమ్మ దెప్పేది.

ఒకనాడు మూత్రం పూర్తిగా కట్టేసింది. పొత్తికడుపు రాయిలా అయి మెలికలు తిరుగుతుంటే, ఎల్లాజీ బండి కట్టించి పట్నం ఆసుపత్రికి తెచ్చాడు. నర్సు మూత్రం దారిలో రబ్బరు గొట్టం వేసింది. పెద్ద సిరంజితో ఉప్పునీళ్లు ఎక్కించడం, నెత్తుటి గడ్డలు లాగడం, మళ్లీ ఎక్కించడం, గంటసేపు అదే పని. నీళ్ల రంగు పలచబడ్డాక గొట్టాన్ని మంచం కింది సీసాకు తగిలించి, ఎన్నాళ్ల నుంచని అడిగింది. బుల్లమ్మ కొడుకును బయటికి పంపమంది.

"మళ్లీ బయటవుతన్నానమ్మా. తెలిసీ వల అంటీసినాను. నా కొడుకుని గంగమ్మ తీసుకుపోతాది."

నర్సు నవ్వలేదు. గొట్టం ఎత్తి చూపింది. "ఇది మూత్రం నిలవుండే సంచిలోకి ఎల్లినాది. నెత్తురు అక్కణ్నించే వస్తన్నాది, సూడు. నువ్వనుకున్నది కాదు."

"అయితే నావల్ల ఆడికేటీ అవదు కదా?"

"అవదమ్మా."

బుల్లమ్మ కళ్లు మూసుకుంది. నాలుగు నెలల బరువు దిగినట్టుంది. మొదటి రోజే ఎందుకు రాలేదని నర్సు అడుగుతోంది. నొప్పి లేకపోతే ఎవరొస్తారని తనలో తనే అనుకుంటూ నర్సు ఎల్లాజీ ఉన్న వరండాలోకి వెళ్లింది. గొంతు తగ్గించినా మాటలు వినబడుతూనే ఉన్నాయి. సంచిలో కండ పెరిగి ఉండొచ్చట, విశాఖపట్నం తీసుకెళ్లాలట, చుట్ట మాన్పించాలట. కేన్సరు కావచ్చట. ఆ మాట బుల్లమ్మ ఎప్పుడూ వినలేదు. నీళ్లు బాగా తాగించమనీ, సీసా మంచం కంటే పైకి ఎత్తొద్దనీ, చుక్క పడడం ఆగితే పరిగెత్తి రమ్మనీ నర్సు చెప్పింది.

ఎల్లాజీ వచ్చి నేలమీద కూర్చున్నాడు. సీసా మీంచి చూపు తిప్పలేదు.

"ఒరే, నా మొకం సూడవేటిరా?" అంది బుల్లమ్మ.

అతను తలెత్తలేదు. అప్పుడు ఆమెకు మొదటిసారి తన గురించి భయం వేసింది.