ఉసిరి మాత్రల సీసాలో చేప నూనె

మా సైన్సు టీచరుగారు గుంటూరు ఆసుపత్రిలో పోయారు. ఆ సంగతి పొద్దున్నే షాపు తెరుస్తుండగా ఆవిడ తమ్ముడు ఫోన్ చేసి చెప్పారు. నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇన్ని రోజులైనా ఆ భయం పోలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

చిలకలూరిపేటలో నాది చిన్న మందుల షాపు. ఆవిడ దగ్గర చదివినవాళ్లకు రక్తం పాఠం గుర్తుండే ఉంటుంది. ఎర్ర కణాలు మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీలు, తెల్ల కణాలు కాపలావాళ్లు, ప్లేట్‌లెట్లేమో కాలవకు గండి పడితే మట్టి తట్టలతో పరుగెత్తేవాళ్లు. అర్థం కాలేదంటే ఎప్పుడూ విసుక్కునేవారు కాదు. అర్థమైనట్టు తలూపితే మాత్రం చెవి మెలిపెట్టేవారు. నా ఎడమ చెవికి ఆ అనుభవం చాలా ఉంది.

పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక తమ్ముడింట్లోనే ఉండేవారు. వీధిలోకి చేపలమ్మేవాడు వస్తే కిటికీలు మూసేసే ఇల్లది. రెండేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు. రక్తం పలచబడే మాత్ర అప్పటినుంచీ నా దగ్గరే కొనేవారు.

పోయిన వానాకాలం ఒకరోజు, షాపులో ఎవరూ లేకుండా చూసి, చేప నూనె మాత్రలు అడిగారు. నేను నోరు వెళ్లబెట్టాను.

"ఆ నూనె కణం గోడలోకెళ్లి కూర్చుంటుందిరా. ప్లేట్‌లెట్లకి జిగురు తగ్గుతుంది. నా గుండెకి అదే కావాలి" అన్నారు.

జిగురు తగ్గించే మాత్ర ఇప్పటికే ఒకటి వేసుకుంటున్నారు కదా, మీ డాక్టరుగారిని అడిగారా అని నేను అడగాల్సింది. వేరే ఎవరైనా అయితే అడిగేవాణ్ణే. మాకు రక్తం గురించి చెప్పిన మనిషికే రక్తం గురించి చెప్పడమా అని ఊరుకున్నాను. పైగా డబ్బా మీద ఇంత చేప బొమ్మ ఉంది, మరదలు చూస్తే బాగోదని ఆవిడ నసిగారు. ఖాళీ ఉసిరి మాత్రల సీసా ఒకటి కడిగి ఆరబెట్టి, అందులో పోసి ఇచ్చాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. ఆ తర్వాత నెలనెలా అలాగే.

మాఘమాసంలో ఆవిడ మోచేతి కింద నల్లగా కమిలి ఉండటం చూశాను. ఏమిటండీ అంటే, సంచి పట్టీ ఒత్తుకుందిలే అన్నారు. నేను తలూపాను. ఆ నెల సీసా కూడా ఇచ్చాను.

తర్వాత పది రోజులకు మేడమెట్ల మీద జారి తల కొట్టుకున్నారు. నేను ఆసుపత్రికి వెళ్లేసరికి, లోపల రక్తం కారుతోందని డాక్టరు చెబుతున్నాడు. గుండె మాత్ర కాక ఇంకేమన్నా వాడుతున్నారా అని అడిగాడు. ఉసిరి మాత్రలండీ అన్నారు తమ్ముడు. చుట్టూ మరదలు, వాళ్ల బంధువులు. నా నాలుక లేవలేదు. ఆవిడ గుట్టు నా చేతిలో ఉంది, ప్రాణం కూడా ఉందేమో అనిపించింది. పది నిమిషాలకు మెట్ల దగ్గర డాక్టరును పట్టుకుని చెప్పేశాను. ఆయన రాసుకున్నాడు. ఒక్క చేప నూనెతో ఇంత జరగదు, ఆ గుండె మాత్రే పెద్దది, రెండూ కలిసి ఎంత చేశాయో ఎవరూ చెప్పలేరు అన్నాడు. "ఇలాంటివి ముందే చెప్పాలండీ" అని వెళ్లిపోయాడు. మూడో రోజు ఆవిడ పోయారు.

ఎవరూ చెప్పలేరు అన్న మాటే నన్ను తినేస్తోంది. తప్పు నీదే అని ఎవరైనా అంటే తల వంచుకుని పడి ఉందును.

పెద్దకర్మ అయ్యాక ఆవిడ మరదలు బీపీ మాత్రల కోసం షాపుకొచ్చారు. ఇక దాచలేక, ఆ సీసాలో ఉన్నవి ఉసిరి మాత్రలు కావమ్మా అని మొదలుపెట్టాను.

"చేప నూనె. నాకు తెలుసులెండి" అన్నారావిడ. "తేన్చినప్పుడల్లా ఆ వాసనేగా. పాపం, మా వదిన అంత దాచుకుంటుంటే ఎందుకు నొప్పించాలని నేనూ ఎరగనట్టే ఉన్నా."

మందుల చీటీ నా ముందు పెట్టారు. తర్వాత గొంతు తగ్గించి అడిగారు.

"ఆసుపత్రిలో డాక్టరు అడిగినప్పుడు కూడా ఊరుకున్నానండీ. మీరు మందులు తెలిసినవాళ్లు. నేను అప్పుడే చెప్పుంటే బతికేవారా?"

డాక్టరు నాతో అన్నదే ఆవిడతో అన్నాను. ఆవిడ ఇంకా నా మొహంలోకే చూస్తున్నారు. బీపీ మాత్రలు వేసివ్వడానికి కవరు తీసుకున్నాను. ఎంత నలిపినా దాని మూతి విడిపడలేదు.