పుంజు పేరు మీద కిరాయి ఇల్లు

తాండూరు పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా కోడిపుంజు పేరు మీద ఇల్లు కిరాయికి తీసుకున్న మనిషి ఎవరన్నా ఉంటే అది ఒక్క ఈశ్వరమ్మే. ఇల్లు పుంజుది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ దాని దయ మీద ఆ ఇంట్లో తలదాచుకున్న చుట్టాలు. నమ్మనోళ్లు గంజ్ బజారుకు పోయి అడగొచ్చు. కాకపోతే తల నెరిసినోళ్లను చూసి అడగాలి, పోరగాళ్లకేం తెలుసు.

ఈశ్వరమ్మది ధారూర్ దగ్గర ఒక ఊరు. ఎడ్లూ నాగళ్లూ ఉన్న ఇంటి బిడ్డ. ఆమె చేన్లో నిలబడి "హోయ్" అని గొంతెత్తితే పక్క ఊరి ఎడ్లు కూడా తమనే పిలిచారనుకుని కాడి కిందికి మెడలు పెట్టేవి. పెండ్లయింది నర్సింహులుతో. నర్సింహులుది రైలు నౌకరి, వికారాబాద్ టేషన్లో పట్టాలు మార్చే పని. ఎంత పెద్ద బండినైనా చేత్తో కడ్డీ లాగి పక్క పట్టా ఎక్కించేవాడు గానీ, పెండ్లాం ఒకటనుకుంటే ఆమెను జానెడు కూడా పక్కకు తిప్పలేకపోయేవాడు.

వాళ్ల ఇంట్లో మూడో మనిషి జమేదారు. గద్ద తన్నుకుపోగా మిగిలిన ఒక్క కోడిపిల్లను ఈశ్వరమ్మ చెంగులో చుట్టి, పొయ్యి పక్కన వెచ్చగా పెట్టి బతికించుకుంది. అది పెరిగి పుంజయింది. ఎర్రటి తురాయి, నల్లగా నిగనిగలాడే తోక. పొద్దున్నే వాకిట్లో ఛాతీ ముందుకేసి నడిచే తీరు చూసి వాడకట్టోళ్లే దానికి జమేదారని పేరు పెట్టారు. దాని కూత విని గార్డు జెండా ఊపక ముందే ఇంజను డ్రైవరు బండి కదిలించిన రోజులున్నాయి. ఈశ్వరమ్మ కోడికూర తినని మనిషి అనుకుంటే మాత్రం పొరపాటు. బొక్కలు కూడా వదలదు. కానీ ఆమె లెక్కలో తినే కోళ్లు వేరు, జమేదారు వేరు.

పోలీసు యాక్షన్ అయిపోయి, నిజాం రైలు కాస్తా సర్కారు రైలైన కొన్నేళ్లకు నర్సింహులును తాండూరుకు బదిలీ చేశారు. అక్కడ రైలోళ్ల క్వార్టర్లు ఖాళీ లేవు. కిరాయికి ఇల్లు వెతుక్కోవాలి. మూటలతో, వంట బోళ్లతో, గంప కింద జమేదారుతో ఇద్దరూ బండి దిగారు.

మొదటి ఇంటి ముసలాయన గదులు చూపించక ముందే గంప లేపి పుంజు తొడ పిసికి చూశాడు. "మంచిగ కండ వట్టింది బిడ్డా. ఎన్నడు కోస్తవ్?" అన్నాడు. ఈశ్వరమ్మ గంప మూసి, మూట నెత్తికెత్తుకుంది.

రెండో ఇంటామె ఇంకా మంచిది. "ఇల్లు మీదే అనుకోండ్రి. మొదటి ఐతారం మమ్ములను అన్నానికి పిలవాలె, గంతే" అని గంపనే చూస్తూ నవ్వింది. మూడో ఇంట్లో ఒకాయన జమేదారుకు చేతులెత్తి మొక్కినంత పని చేశాడు. వాళ్లు అమ్మవారికి సరిగ్గా ఇట్లాంటి నల్లతోక పుంజునే మొక్కుకున్నారట, ఎక్కడా దొరకడం లేదట.

నర్సింహులుకు కాళ్లు పీకాయి. "గీన్ని మా అక్కోళ్ల ఊర్లె ఇడిసిపెట్టొద్దాం తియ్యే."

"మీ బావ ఎల్లప్పన్న ఉన్న ఊర్లెనా? గంతకన్న నేనే కోసుకునుడు మంచిది."

అప్పుడు చూసింది ఈశ్వరమ్మ ఆ ఇంటిని. నాపరాళ్లు పరిచిన వాకిలి, వెనక పెద్ద పెరడు, పెరట్లో చేదబావి, బావి పక్కన విడిగా రెండు గదులు. తలుపుకు తాళం.

"గది రాజేశం శేటుది" అన్నాడు దారిన పోయే మనిషి. "మనసొంటోళ్లకియ్యడు. వాళ్లింట్ల గుడ్డు పేరు గుడ ఎత్తరు."

ఆ మాట వినగానే ఈశ్వరమ్మ ముఖం వెలిగిపోయింది. "గుడ్డు గుడ తినరా?"

"వాసన గుడ సయించదు."

"గట్లయితే నాకు గీ ఇల్లే గావాలె!"

నర్సింహులు నోరు తెరిచాడు. "నీకేమన్న తిక్క లేసిందా? కోళ్లు తినేటోళ్లే ఇల్లియ్యకపోతిరి, తిననోళ్లు ఇస్తరా?"

"తినేటోళ్ల ఇంట్ల వీనికి ఆయుష్షు లేదు. సూడలేదా ఒక్కొక్కల చూపు? వీడు బతకాల్నంటే తిననోళ్ల ఇంట్లనే బతకాలె." చెంగు బిగించి నడిచింది.

రాజేశం శేటుకు గంజ్‌లో కందుల దుకాణం. సన్నటి మనిషి, నిదానం మనిషి. ఇల్లంటుకుందని చెప్పినా చెప్పులెక్కడున్నాయో వెతుక్కుని, దుమ్ము దులుపుకుని, తొడుక్కుని అప్పుడు బయటికొచ్చే రకం.

"మా ఇంట్ల నీసు పనికిరాదమ్మా" అన్నాడు.

"వండ."

"తినుడు?"

"ఇంట్ల తిన. అవ్వగారింటికి పోయినప్పుడు తింట. గది గుడ అడుగుతరా శేటూ?"

"అడగ." శేటు చూపు గంప మీద పడింది. "మరి గా గంపల ఏంది?"

"జమేదారు."

తన పేరు వినబడిందో లేదో, గంప కింది నుంచి ఒక్క కూత. శేటు ఉలిక్కిపడి గోడకు ఆనుకున్నాడు. "గిదేందమ్మా! నీసు వండనంటివి, నీసును సంకల పెట్టుకొని వస్తివి!"

"బతికున్నది నీసెట్లయితది శేటూ? సచ్చినంక నీసు. బతికున్నన్ని దినాలు జమేదారు. ఊరంత తిరిగొచ్చిన, అందరు వీన్ని చూసి మసాల నూరుకునేటోళ్లే. మీ ఇంట్ల అయితే వీని దిక్కు ఆకలితోని చూసే కన్ను ఒక్కటి గుడ లేదు."

లోపల తలుపు చాటు నుంచి కిసుక్కుమని నవ్వు వినబడింది. శేటు భార్య ఇందిరమ్మ. శేటుకు నవ్వు రాలేదు. కందుల నాణ్యం చూసినట్టు ఈశ్వరమ్మ ముఖం చాలాసేపు చూశాడు. చివరికి కట్టడి చెప్పాడు.

"సరే. ఒకటే మాట. రోజు పుంజు పెరట్ల కనవడాలె. ఏ దినం కనవడదో, కోసుకున్నరని లెక్క. ఆ దినం మీ బోళ్లు గుడ మా ఇంట్ల కనవడొద్దు. పండుగైనా గంతే, చుట్టాలొచ్చినా గంతే."

నర్సింహులు "మన కొంపను కోడి కాళ్ల మీద నిలవెట్టినవ్ గదనే" అని గొణిగాడు. ఈశ్వరమ్మ మాత్రం గంప ఎత్తుకుని గిర్రున తిరిగినంత పని చేసింది. పుంజును కోస్తే ఇల్లు పోతుంది, ఇల్లు కావాలంటే పుంజు బతకాలి. ఏ దేవుడిస్తాడు ఇంత గట్టి వరం?

అట్లా మొదలైంది. పొద్దున ఇందిరమ్మ పెరటి గుమ్మంలో నిలబడి "ఉన్నడా?" అనేది. "ఉన్నడక్కా" అని ఈశ్వరమ్మ చూపించేది. కొన్నాళ్లు ఆమె నిఘాకే వచ్చింది. తర్వాత నిఘాకు వస్తూ వస్తూ పిడికిట్లో జొన్నలు తెచ్చింది. ఆ తర్వాత జొన్నలే తెచ్చింది, నిఘా మరిచిపోయింది. ఒక్కోరోజు "ఇయ్యాల జర నీరసంగున్నడే, దిష్టి తగిలిందేమో" అని ఉప్పు తిప్పి పొయ్యిలో వేసేది. శేటు జమేదారు కూతకు లేచి, స్నానం చేసి, గంజ్‌లో అందరికంటే ముందు దుకాణం తలుపు తీసేవాడు. పక్క దుకాణాలోళ్లు శేటు నిద్రే పోడేమో అనుకున్నారు. జమేదారు మూలంగా అని ఆయన ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు.

ఇంతలో కొడంగల్ బస్సు దిగి ఎల్లప్ప వచ్చాడు. నర్సింహులు అక్క మొగుడు, నర్సింహులు పెండ్లి భుజాన వేసుకుని చేసిన పెద్దమనిషి. కొత్త ఇంటికి మొదటిసారి వస్తున్నాడు. అట్లాంటి చుట్టానికి కోడి కొయ్యకుండా పప్పు పెట్టి పంపితే మొఖం మీద తలుపేసినట్టే. ఆ మాట ఎవరూ చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసిందే. నర్సింహులు డ్యూటీలో ఉన్నాడు. ఎల్లప్ప చెంబెడు నీళ్లతో కాళ్లు కడుక్కుంటూ జమేదారును చూశాడు.

"ఏం చెల్లె, అన్న వస్తడని ముందుగాలనే మేపి పెట్టినవా?"

"గది కోసేది కాదన్నా."

"కోసేది కాకుంటే బడికి తోలుతున్నవా?"

"ఇల్లుగలోళ్లు నీసు ముట్టరు. పుంజును కోస్తే మేము ఇల్లిడవాలె."

"ఓ, గదా సంగతి!" ఎల్లప్ప తల ఊపాడు. అర్థమైందన్నట్టు ఊపాడు. "ఫికర్ చెయ్యకు చెల్లె. నేనున్న గద."

ఈశ్వరమ్మకు పెద్ద బరువు దిగింది. గుత్తొంకాయ చేసి ఒప్పిద్దామని బజారుకు పోయింది. ఒళ్లో వంకాయలతో తిరిగొచ్చేసరికి గంప బోర్లా పడి ఉంది. పక్కన ఇందిరమ్మ పిడికిట్లో జొన్నలతో నిలబడి ఉంది.

"ఈశ్వరమ్మా, జమేదారేడి?"

"మా అన్న ఏడి?"

"సంకల ఏందో పెట్టుకొని, రుమాలు కప్పుకొని పోయిండు. 'మీ ఇల్లు మైల కావొద్దు తల్లీ, పని బయటనే చేయించుకొస్త' అన్నడు. ఏం పనో అనుకున్న!"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎల్లప్పకు అర్థమైంది ఏమిటో అప్పుడు వాళ్లకు అర్థమైంది. కొయ్యొద్దంటే, ఇంట్లో కొయ్యొద్దని అనుకున్నాడు ఆ మర్యాదస్థుడు!

వంకాయలు నాపరాళ్ల మీద దొర్లిపోయాయి. ఈశ్వరమ్మ పరుగందుకుంది. వెనక ఇందిరమ్మ మొగుడి దుకాణం వైపు తిరిగి, జన్మలో ఎన్నడూ ఎత్తనంత గొంతెత్తింది. "ఓ, ఇన్నరా! జమేదారును కోయనికి ఎత్కపోయిండ్రు!"

గంజ్ నిండా బండ్లు, బస్తాలు. దారి లేదు. ఈశ్వరమ్మ "హోయ్" అంది. గంజ్‌లో ఉన్న ఎడ్లన్నీ ఎక్కడివక్కడ ఆగి తలలు తిప్పాయి. నడుమ దారి పడింది. ఆ దారిలో కొప్పు ఊడిపోతున్నా చూసుకోకుండా, బస్తాల మీద కాలు పెట్టి దూకుతూ, టేషను వెనక కోళ్లు కోసే గల్లీలో పడింది.

అక్కడ వరుసగా గంపలు. ఎల్లప్ప రాయి మీద తీరుబడిగా కూర్చుని, కారం ఎంత వేస్తే కూర మంచిగుంటదో కత్తి మనిషికి చెబుతున్నాడు.

"జమేదారేడన్నా?"

"ఏ జమేదారు?"

"నా పుంజు!"

"ఏదో ఒక గంప కింద ఉన్నది. మన వంతు ఇంక రాలె, ఎందుకు ఉరికొస్తివి చెల్లె?"

ఈశ్వరమ్మ గల్లీ మధ్య నిలబడి "జమేదార్!" అని పిలిచింది. చివరి గంప కింది నుంచి కూత. వెళ్లి ఆ గంప పక్కనే చతికిలబడి, రెండు చేతులూ గంప చుట్టూ వేసింది. "కోస్తే ముందుగాల నన్ను కొయ్యుండ్రి."

ఎల్లప్ప ముఖం చిన్నబోయింది. "నల్గురిల గిదేం పని చెల్లె? మొదటిసారి మీ ఇంటికొస్తిని. కోడి గుడ కొయ్యలేదంటే మా ఊర్లె ముఖం ఏడ పెట్టుకోవాలె? నీకు నేను చుట్టాన్నా, గా పుంజు చుట్టమా?"

ఈశ్వరమ్మ ఎల్లప్ప ముఖం చూసింది. తన పెండ్లి చేసిన మనిషి. ఆయన మాట తీసేస్తే మొగుడు అక్కకు ముఖం చూపించలేడు. గంప వదిలేస్తే ఇల్లు పోతుంది, జమేదారు పోతాడు. కత్తి మనిషి "జల్ది చెప్పుండ్రి, గిరాకి ఆగుతున్నది" అన్నాడు. ఈశ్వరమ్మ గంపను ఇంకా దగ్గరికి లాక్కుంది.

అప్పుడు గల్లీ మొదట్లో గోల లేచింది. "శేటు! రాజేశం శేటు కోడి కొననికొచ్చిండురో!"

కండువాతో ముక్కూ నోరూ మూసుకుని, కళ్లు సగం మూసుకుని వస్తున్నాడు శేటు. గంప దగ్గరికొచ్చి కండువా తీశాడు.

"గా పుంజును ముట్టకుండ్రి. గది నా ఇంట్ల కిరాయికున్నది."

గల్లీ అంతా గొల్లున నవ్వింది. "పుంజా శేటూ, కిరాయికి?"

"ఆఁ, పుంజే. దాని బలం మీదనే వీళ్లున్నరు." శేటు ఎల్లప్ప వైపు తిరిగి చేతులు జోడించాడు. "అన్నా, నీకు మర్యాద తక్కువైంది. తప్పు ఈమెది కాదు. గా కట్టడి పెట్టింది నేను. అందుకని నీ మర్యాద నేను చేస్త. మా ఇంట్ల కూసో. భక్ష్యాలు చేపిస్త."

ఎల్లప్ప మీసం దువ్వుకున్నాడు. "నెయ్యి ఎంత పోస్తరు?"

"నువ్వు వద్దనేదాంక."

"నేను వద్దన శేటూ, ముందే చెప్తున్న."

అనలేదు కూడా. శేటు ఇంట్లో చాప మీద కూర్చుని ఎల్లప్ప భక్ష్యాలు తింటుంటే, పోసిన నెయ్యి విస్తరి దాటి వాకిలి దాకా పారిందట. డ్యూటీ దిగి వచ్చిన నర్సింహులు గుమ్మంలో ఆగిపోయాడు. బావ శేటు ఇంట్లో భోజనం చేస్తున్నాడు, ఇందిరమ్మ జమేదారుకు జొన్నలు పోస్తోంది, పెండ్లాం పెరట్లో బోళ్లు మూట కడుతోంది.

శేటు ఆ మూట చూశాడు. "ఏడికమ్మా?"

"ఇయ్యాల జమేదారు పెరట్ల కనవడలె గద శేటూ. మాటంటే మాటే."

"పొద్దుగాల కనవడ్డడు, ఇప్పుడు కనవడుతుండు. నడుమ జర బజారుకు పోయొచ్చిండు. బజారుకు పోవద్దని నేను కట్టడి పెట్టలె. బోళ్లు లోపల పెట్టు."

ఎల్లప్ప ఊరికి పోయి, తనకు ఒక శేటు స్వయంగా నెయ్యి పోశాడని ఏడాది పొడుగునా చెప్పుకున్నాడు. కథకు కాళ్లొచ్చాయి. కిరాయి కాగితం మీద జమేదారు గోటి ముద్ర ఉందని వికారాబాద్‌లో అన్నారు. శేటు చిరుతపులిలా బండ్ల మీంచి ఎగిరొచ్చి కత్తి లాక్కున్నాడని కొడంగల్‌లో అన్నారు. ఈ మాటలన్నీ ఎవరో మోసుకొచ్చి ఈశ్వరమ్మ ముందు పెట్టి, నిజమేనా అని అడిగారు. ఆమె చేటలో కందులు చెరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"పుంజు పేరు మీద ఎవడిస్తడు ఇల్లు? మా ఆయన పేరు మీదనే ఉండె. శేటు ఎగిరిందీ లేదు, ఉరికిందీ లేదు. నడుచుకుంటనే వచ్చిండు. చెప్పులేసుకోలె, గంతే."