తుమ్మబంక దేశంలో కార్నర్ బిట్

అమెరికాలోని మా ఫ్రిస్కోలో, ఇంటికో వంటకం తెచ్చుకునే పాట్‌లక్ అంటే ఐక్యరాజ్యసమితి సమావేశమే. కాకపోతే మా దగ్గర గోంగూర ఉంటుంది, తీర్మానాలు అక్కడికక్కడే అమలవుతాయి. మొన్న శనివారం మా పక్కింటి సూడాన్ ఆయన్ని పిలిచాను. ఆయన అన్నగారు అక్కడ తుమ్మబంక వ్యాపారి. యుద్ధం వాళ్ల ఊరి పొలిమేర దాకా వచ్చేసింది. అన్న ఊరు వదిలి సరిహద్దు దాటుతాడా లేదా అన్నది ఆ రోజే తేలాలి. అందుకని ఈయన కంచం పక్కన ఆవకాయకి బదులు ఫోన్ పెట్టుకు కూర్చున్నాడు.

మాటల్లో "మా దేశంలో బంగారం కూడా ఉంది" అన్నాడు. అంతే, యాభై జతల చెవులు ఏనుగు చెవులై పెరట్లో గాలి వీచింది.

"బంగారం, పైగా నైలు నది! ఎకరం ఎంతుంటుందండీ?" అని మా బావగారు ఇంగ్లీషులోకి దిగారు. బావగారికి చంద్రుడి మీదైనా సరే కార్నర్ బిట్టే కావాలి.

"యుద్ధంలోనే కొనాలి, రేట్లు పడుంటాయి," అన్నాడు ఇంకో మేధావి.

సూడాన్ ఆయన నవ్వాడు. "తప్పకుండా కొనండి. రెండు సైన్యాలున్నాయి, రెండు రిజిస్ట్రేషన్లు. బంగారం దొంగదారిన వెళ్లి తుపాకులై తిరిగొస్తుంది."

"పోనీ, తుమ్మబంక?" అన్నారు బావగారు.

"మీరు తాగే కూల్‌డ్రింకుల్లో వేస్తారు. రైతు ఒకే కంపెనీకి, అది చెప్పిన రేటుకే అమ్మాలని మా సర్కారు ఏళ్లపాటు రూలు పెట్టింది. రైతు తెలివైనవాడు. చెట్టు కొట్టి బొగ్గు అమ్ముకున్నాడు."

"ఎంత దూరదృష్టి!" అన్నాను. ఇలాంటి సర్కారు పక్కనుంటే యుద్ధానికి శ్రమ తగ్గుతుంది.

అప్పుడే ఫోన్ మోగింది. ఆయన అరబ్బీలో మాట్లాడుతున్నంతసేపూ బిర్యానీ కూడా ఊపిరి బిగబట్టింది.

"బయల్దేరాడట," అన్నాడు ఫోన్ దించి. "గోడౌన్‌లో సరుకు వదిలేస్తే సైన్యాలు అమ్ముకుని, తూటాలు కొని ఇంకా కాల్చుకుంటాయని, బస్తాలన్నీ విప్పి నైల్లో కలిపేశాడట. మా నాన్న నాటి వ్యాపారం..."

"మొత్తమా?" అన్నారు బావగారు.

"మొత్తం. సరిహద్దు చేరాక మళ్లీ ఫోన్ చేస్తానన్నాడు. దారిలో సిగ్నల్ ఉండదు."

బావగారు కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూలబడ్డారు. కాసేపటికి ఫోన్ వంక చూసి నన్ను కసిరారు: "బ్యాటరీ ఎర్రగా ఉంది, కనపడట్లా? గుడ్లప్పగించి చూస్తావేంటోయ్ బావమరిదీ, ఛార్జర్ పట్రా!"